చుక్కల పేరు

నంద్యాల పాతసామాన్ల కొట్లో
తూకానికి కొన్నాను ఈ ఇత్తడి చెంబుని.
కిలో రెండొందల గ్రాములు.
కాటాలు బాగుచేసేవాణ్ణి, తూకం తప్పు చెప్పను.
అడుగున సన్నటి చిల్లు.
అంచు కింద చుక్కలు చుక్కలుగా ఒక పేరు:
పతివాడ అచ్చియ్యమ్మ, ఇజీనారం.

ఆవిడెవరో నాకు తెలీదు.
ఈ ఊళ్ళో రైతుబజారు కాటాలు సరిచూసే
రెండ్రోజుల పని పడితే
తువ్వాల్లో చుట్టి వెంట తెచ్చాను, అంతే.

సాయంత్రం నాలుగున్నరకి
గంటస్తంభం దగ్గర ఆటో దిగాను.
దానికీ నా వాచీకీ ఏడు నిమిషాల తేడా.
తప్పెవరిదని అడగడానికి నేనెవర్ని?
వాచీ తిప్పుకున్నాను.

"పేర్లు కొట్టేవాళ్ళు యాడుంటారన్నా?"
చెరుకురసం అతను గ్లాసు కడుగుతూనే
"రేడియోల కొట్టుండీది కదా బావూ,
దాన్దాటీసి ఎల్లండి" అన్నాడు.
దాటడానికి రేడియోల కొట్టు లేదు.
ఆ చోట సెల్‌ఫోన్ కవర్లు
దండేనికి ఎండుచేపల్లా ఊగుతున్నాయి.

కింద అంతా గాజు, లైట్లు,
చీర కట్టుకున్న తలలేని బొమ్మలు.
తలెత్తితే మాత్రం ఎవరూ చూడని మేడలు,
సున్నం మీద సున్నం,
రంగుటద్దం పగిలి అట్టముక్క పెట్టిన కిటికీ,
గచ్చులో పోతపోసిన 1934,
ఆ తొమ్మిది మీద ఒక పావురం.

మిరపకాయల కొట్లో కాటా
కొట్టువాడి వైపే కొంచెం వాలి ఉంది.
సెలవులో ఉన్నట్టు నటించి ముందుకు నడిచాను.

గాజుల కొట్టావిణ్ణి అడిగాను.
"సినిమా హాలు సందులో."
హాలేది?
"హాలు తీసీసినారు. సందుంది."
పక్క కొట్టాయన కలగజేసుకున్నాడు,
"సందు కాదే, బోరింగు దగ్గిర."
"బోరింగు ఎప్పుడో పూడిపోనాది కదేటి!"
"పూడిపోతే? సోటెక్కడికీ పోదు కదా!"
వాళ్ళిద్దరూ నన్ను మరిచిపోయారు.
చెయ్యి చాపి కూర్చున్న పెళ్ళికూతురి
ముంజేతి దగ్గరే ఆగిపోయింది డజను గాజు.

ఈ వీధిలో అందరూ
లేనివాటిని ఆనవాలు పట్టి తిన్నగా వెళ్తున్నారు.
ఉన్నవాటిని చూస్తూ నేనొక్కణ్ణే
కోట గోడదాకా పోయి, రెండుసార్లు వెనక్కి వచ్చాను.

చివరికి చెవికి తగిలాడు, కంటికి కాదు.
టిక్, టిక్, టిక్, ఆగి, టిక్.
పసుపు కుంకాల కొట్టు మెట్టు మీద, గోనెపట్టా మీద
లక్కోజు గవరాచారి.
"కరెంటు మిషనొచ్చీసింది బావూ.
అది గీత గీస్తాది. నాను చుక్కలోణ్ణి."

చెంబు అందుకుని కళ్ళద్దాలు వెతకలేదు.
బొటనవేలితో చదివాడు.
చకారం వత్తు దగ్గర వేలు ఆగింది.
"ఇది నా సెయ్యే.
మా నాన్న కొడితే గుండ్రంగుండీది.
నాకప్పటికి సరిగ్గా సదువు రాదు.
ఊరి పేరు ఆవిడెలాగన్నాదో అలాగే కొట్టీసినాను."

ఎవరావిడ?
"ఎవరో. రోజుకి నలభై పేర్లు.
కానీ సూడండి, ఇంటిపేరు ఇరుకుగుంది.
ఆనక కొట్టించినాది.
అక్షరానికింత అని లెక్క. మొదట వొద్దనుంటాది.
సగం దారెల్లీసి
తిరిగొచ్చుంటాది."

ఆ నాలుగక్షరాల కోసం
ఆమె తిరిగి నడిచిన దారి ఏ వైపో అడగబోయాను.
అడిగితే ఏ సినిమా హాలు మీంచో చెప్తాడు.

"పక్కన సోటుంది, మీ పేరు కొట్టీమంటారా?"
మూడువేళ్ళ ఖాళీ. మెరుస్తోంది.
"రేపొస్తా" అన్నాను.
రేపు పొద్దున్నే నా రైలు.

లాడ్జి గదిలో నీళ్ళు నింపి బల్ల మీద పెట్టాక
గుర్తొచ్చింది,
చిల్లు మాట ఎత్తనేలేదు.
రాత్రంతా ఒకటీ ఒకటీ
సిమెంటు నేల మీద పడుతూనే ఉంది.
పొద్దున వంగి చూశాను.
ఇంకా పేరు కాలేదు.